ఇరవై రెండు గుమ్మడికాయలు

సమ్మమ్మ చంకలో ఉన్నది చంటిపిల్ల కాదని ఎస్తేరుకు రెండో చూపులో గానీ తెలియలేదు.

ఈ నెల బరువుల పట్టిక ఫోన్‌లో ఎక్కక ప్రాణం తీస్తుంటే, పిల్లలు రాకముందే ఆ పని తేల్చేద్దామని సోమవారం నాడు ఆమె ఎనిమిదింటికే అంగన్‌వాడీకి వచ్చింది. మామూలుగా టీచర్ వచ్చేది తొమ్మిదింటికి. అంతకు ముందే వచ్చి తలుపులు తీసి, ఊడ్చి, పొయ్యి వెలిగించేది ఆయమ్మ సమ్మమ్మ. ఆ సమ్మమ్మ ఇప్పుడు వెనక తలుపులోంచి బయటికి పోతోంది. పాత చీర ముక్కలో గుండ్రంగా ఏదో చుట్టి చంకన ఎత్తుకుని, సందుకు అటూ ఇటూ ఒకసారి చూసి, చకచకా నడిచింది. యాభై ఐదేళ్ల మనిషి, మోకాళ్లు గుంజుతున్నాయని పొద్దస్తమానం మూలిగే మనిషి, అంత వేగంగా నడవడం ఎస్తేరు ఈ నాలుగు నెలల్లో చూడలేదు.

పిలుద్దామని నోరు తెరిచి, ఎందుకో మూసుకుంది. లోపలికి పోయి నేరుగా గోడవార ఉన్న గుమ్మడికాయల దగ్గర నిలబడింది.

అవి వీరభద్రం ఇచ్చిన కాయలు. వరంగల్ ఊరు పెరిగి పెరిగి ఈ వాడను ఎప్పుడో కలిపేసుకున్నా, వాడ దాటగానే ఇప్పటికీ మక్కచేలే. వీరభద్రం చేను గట్ల మీద ఈ ఏడు గుమ్మడితీగలు విరగకాశాయి. దసరా ముందు ట్రాలీ ఆటోలో ఇరవై రెండు కాయలు తెచ్చి దింపి, "పిల్లలకు వండి పెట్టుండ్రి టీచరమ్మా" అని చెప్పి పోయాడు. ఎస్తేరు వాటిని వరుసగా పేర్పించి, సుద్దముక్కతో ఒక్కోదానికి ఒక్కో నంబరు వేసింది. నంబరు వేయకపోతే ఆమెకు తోచదు. గ్లాసులకు నంబర్లు, చాపలకు నంబర్లు. పిల్లల చెప్పులకు కూడా వేద్దామనుకుంది గానీ భర్త స్టీఫెన్ పడీపడీ నవ్వాడని మానుకుంది.

తొమ్మిదో నంబరు చోటు ఖాళీగా ఉంది.

ముప్పావు గంటకు సమ్మమ్మ తిరిగొచ్చింది. చంకలో ఈసారి గంజు. గంజులో పసుపుపచ్చని గుమ్మడి ముక్కలు, పైన చీర ముక్క కప్పి ఉంది. టీచరును చూసి ఆమె గడపలోనే ఒక్క క్షణం ఆగింది.

"ఇంత జల్దిగ వచ్చినవేంది బిడ్డా?"

"పని ఉండి వచ్చిన. నువ్వెటు పోయినవ్ ఆయమ్మా?"

"ఇంటికి పోయిన. ఈడ కత్తిపీట తెగుతలేదు. ఇంటికాడ కోస్కచ్చిన."

చెప్పి, ఎస్తేరు ముఖం చూడకుండా వంటగదిలోకి పోయింది. ఆమె నీళ్లకు పోయినప్పుడు ఎస్తేరు కత్తిపీట తీసి అలుగు మీద బొటనవేలు ఆనించి చూసింది. సన్నగా రక్తం చిమ్మింది. వేలు నోట్లో పెట్టుకుని ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది. ఇంత చిన్న విషయానికి అబద్ధం చెప్పిన మనిషి పెద్ద విషయానికి ఎందుకు చెప్పదు అనే ఆలోచన అప్పుడే మనసులో పడింది. పడిందంటే మరి లేవలేదు.

నిజానికి ఆ గుమ్మడికాయలంటే ఎస్తేరుకు ఇంతా అంతా గర్వం కాదు. ఈ వాడలో కడుపుతో ఉన్నవాళ్లు గుమ్మడికాయ ముట్టరని ఆమెకు పనిలో చేరిన నెలలోనే తెలిసింది. మధ్యాహ్నం సెంటర్లో తినే తల్లులందరినీ చాపల మీద కూర్చోబెట్టి గంటసేపు చెప్పింది. ఇది ఈ కాలంలో దొరికే బలమని, కంటికి మంచిదని, గింజలు పారేయకుండా వేయించుకు తినాలని, నువ్వులపొడి చల్లి వండితే రక్తానికి ఇంకా మంచిదని చెప్పింది. చివరికి, "పాతకాలపు మాటలు ఈ గడప బయటనే ఇడిచి రావాలె. లోపల ఎవరు మాట్లాడినా నేను ఊకోను" అంది. అంటున్నప్పుడు ఆమె చూసింది సమ్మమ్మ వైపు. అక్కడున్న వాళ్లలో పెద్దది ఆమే మరి.

ఆ మాటలు పనిచేశాయి. దసరా తర్వాత వారానికి మూడుసార్లు గుమ్మడి పులుసో, గుమ్మడి పప్పో పెడుతుంటే పదకొండు మంది తల్లులు పళ్లెం నాకినట్టు తింటున్నారు. సూపర్‌వైజర్ యమున మేడం ఆ ఫొటో గ్రూపులో పెట్టి, అందరూ ఈ సెంటర్‌ను చూసి నేర్చుకోవాలని రాసింది. ఎస్తేరు ఆ మెసేజ్‌ను స్టీఫెన్‌కు మూడుసార్లు చూపించింది.

*

బుధవారం మళ్లీ గుమ్మడికాయ వంతు. మంగళవారం సాయంత్రం సమ్మమ్మ ఇంటికి పోయాక ఎస్తేరు తలుపు లోపలినుంచి గడియ పెట్టి, పదో నంబరు కాయను పిల్లలను తూచే ఉయ్యాల కాటాలో కూర్చోబెట్టింది. రెండు కాళ్ల కోసం ఉన్న కంతల వైపు కాయ ఒరిగిపోబోతే కడుపుకు ఆనించి సర్ది, చేయి వదిలింది. ముల్లు ఆరు కిలోల దగ్గర ఆగింది. తను చేస్తున్న పని ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని ఒక్కసారి సిగ్గేసింది. అయినా అంకె కాగితం మీద రాసుకుంది.

మరునాడు ఎనిమిదిన్నరకు ఆమె వచ్చేసరికి ముక్కలు గంజులో సిద్ధంగా ఉన్నాయి. సమ్మమ్మను కొట్టుకు ఉప్పు కోసం పంపి ముక్కలను తూచింది. నాలుగు కిలోల ముప్పావు. గింజలూ పీచూ ఎంత పోయినా అరకిలో పోతుంది. మిగతా ముప్పావు కిలో ఎటు పోయినట్టు?

"గింజలేవి ఆయమ్మా?" అని మధ్యాహ్నం మామూలుగా అడిగినట్టు అడిగింది.

"ఎండబోసిన బిడ్డా. పొడి చేసి పప్పుల కలుపుతాన గద."

అదీ నిజమే. పెరట్లో చాట మీద గింజలు ఎండుతున్నాయి. ఎస్తేరు ఆ చాట వైపు కూడా అనుమానంగానే చూసింది.

అక్కడినుంచి ఎస్తేరు కళ్లు ఎస్తేరు మాటే వినడం మానేశాయి. పప్పులో గంగవాయిలి కూర తక్కువ పడ్డట్టు కనిపించింది. గుడ్లు రెండుసార్లు లెక్కపెట్టింది, సరిగ్గానే ఉన్నాయి, మూడోసారి లెక్కపెట్టింది. పాలగిన్నె ఎత్తు కొలిచింది. ఏడో నెల కడుపుతో ఉన్న వినోద వంటగది గుమ్మంలో నిలబడి సమ్మమ్మతో ఏదో గుసగుసలాడుతుంటే, టీచరును చూడగానే ఇద్దరూ గప్‌చుప్ అయ్యారు. వినోద కొంగుతో నోరు తుడుచుకుంటూ వచ్చి చాప మీద కూర్చుంది. దీంట్లో ఈమె వాటా ఎంతో అనుకుంది ఎస్తేరు.

రాత్రి అన్నం దగ్గర స్టీఫెన్‌కు చెప్పింది. అతను పెరుగన్నం కలుపుకుంటూ విన్నాడు.

"ముప్పావు కిలో గుమ్మడికాయ కోసం ఎవరన్న దొంగతనం చేస్తరా ఎస్తేరూ? వీరభద్రాన్ని అడిగితే బస్తా ఇస్తడు."

"గుమ్మడికాయ అని కాదు. చిన్నపిల్లల నోటికాడిది. ఈ పొద్దు కాయ, రేపు గుడ్డు, ఎల్లుండి పాలు. ఆ ఫొటోల నా సెంటర్ పేరు ఉన్నది. రేపు ఎవరన్న తూచి అడిగితే దొంగ ఎవరైతరు?"

"ఆమెనే అడుగరాదూ?"

"అడిగిన. అబద్ధం చెప్పింది."

గురువారం పొద్దున్నే ఎస్తేరు తెల్లకాగితం తీసుకుని, ఆయా సమ్మమ్మ సెంటరు సరుకును రోజూ బయటికి తీసుకుపోతున్నదని, తూకంలో తేడా వస్తున్నదని, అడిగితే పొంతనలేని జవాబు చెబుతున్నదని రాసి, కింద సంతకం చేసి, ఫొటో తీసి యమున మేడంకు పంపింది. పంపాక గుండె దడదడలాడింది. న్యాయం చేసినప్పుడు కూడా గుండె దడదడలాడుతుందని తనకు తను చెప్పుకుంది.

*

శుక్రవారం యమున మేడం హనుమకొండ నుంచి ఆటోలో ఏడున్నరకే దిగింది. ఇద్దరూ సందు మొదట్లో, మూసి ఉన్న ఇస్త్రీ బండి వెనక నిలబడ్డారు. పదకొండో నంబరు కాయను చంకన పెట్టుకుని సమ్మమ్మ బయటికొచ్చింది, సందులోకి చూసింది, నడిచింది. వాళ్లు వెనకాలే పోయారు.

ఆమె తన ఇంటికి పోలేదు. తన ఇల్లు దాటి, నల్లా దాటి, వాడ చివర వడ్రంగి చంద్రమౌళి ఇంటి ముందు ఆగింది. డెబ్బై ఏళ్ల చంద్రమౌళికి ఇప్పుడు పనులేమీ రావు. భార్య లేదు. అరుగు మీద కూర్చుని, ఎవరూ చేయమనని పీటలు చెక్కుతుంటాడు. సమ్మమ్మ కాయను అరుగు ముందు దించి, చీర ముక్క విప్పి, కొంగున కట్టుకొచ్చిన పసుపు కుంకుమ తీసి కాయకు బొట్టు పెట్టింది. ముసలాయన బాడిసె చేతిలోకి తీసుకుని లేచి, చెప్పులు విడిచి, ఒక్కటే వేటు వేశాడు. కాయ నోరు తెరిచింది. అప్పుడు సమ్మమ్మ అరుగు మీద ఉన్న కత్తి అందుకుని, ముందుగా చేతి వెడల్పు ముక్క ఒకటి కోసి చంద్రమౌళి గిన్నెలో పెట్టింది. మిగతాది ముక్కలు చేయడానికి కూర్చుంది.

ముప్పావు కిలో ఎటు పోతున్నదో ఎస్తేరుకు కనబడింది. అంతకంటే ఏమీ అర్థం కాలేదు.

"సమ్మమ్మా" అని పిలిచింది యమున మేడం.

సమ్మమ్మ తలెత్తి ముందు మేడంను చూసింది, తర్వాత ఎస్తేరును చూసింది. ఎస్తేరును చూసిన చూపు చాలాసేపు ఉంది. లేచి నిలబడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఏంది ఇది?"

"నిండు కాయను ఆడది కొట్టొద్దు మేడం. మగోడు ఒక్క వేటేస్తే తర్వాత మనం కోస్కోవచ్చు. మా గట్టయ్య ఉన్నన్ని దినాలు ఆయన కొడ్తుండె. ఆయన పోయినంక ఈ అన్ననే కొడ్తాండు. కొట్టినోనికి ఒక్క ముక్క ఇయ్యాలె, అది రివాజు. ఉత్తగ పోతె కాయ పాపం ఆయనకు చుట్టుకుంటది."

"మరి నాకెందుకు చెప్పలే ఆయమ్మా?" ఎస్తేరు గొంతు అనుకున్నదానికంటే చిన్నగా వచ్చింది.

"చెప్తె ఊకోనంటివి గద బిడ్డా. గడప బయట ఇడిచి రమ్మంటివి. అందుకే బయట ఇడిచి వస్తాన."

చంద్రమౌళి గిన్నెలో ముక్కను తీసి సమ్మమ్మ గంజులో వేయబోయాడు. ఆమె చేయి అడ్డం పెట్టింది.

హనుమకొండలో ఎస్తేరు పుట్టింట్లో గుమ్మడికాయకు ఒక కత్తిపీట, కూర్చోవడానికి ఒక పీట తప్ప ఏమీ కావాల్సి వచ్చేది కాదు. అమ్మ కాలితో కత్తిపీట తొక్కిపట్టి కసకసా కోసేది. ఇన్నేళ్లూ పక్కిళ్లలో వేరేగా కోస్తారని ఆమెకు తెలియనే లేదు. తెలియకపోవడం తప్పు కాదేమో. తెలియనిదాన్ని దొంగతనం అని రాసి సంతకం పెట్టడం మాత్రం తప్పేనని ఆమెకు అక్కడే, ఆ అరుగు ముందే తెలిసింది.

"మేడం, నేను తప్పుగ అనుకున్న. ఆ కాయితం ఇడిచిపెట్టుండ్రి" అంది దారిలో.

"నేను పైన సీడీపీఓ మేడంకు పంపిన ఎస్తేరూ. రాసిచ్చినంక రాసిచ్చినట్టే. సరుకు బయటికి పోయిందా? పోయింది. ముక్క ఇంకొకరికి ఇచ్చిందా? ఇచ్చింది. ఎంక్వైరీ అయ్యేదాక ఆమెను రావద్దని చెప్పు." ఆటో ఎక్కుతూ ఆమె గొంతు తగ్గించింది. "మా ఇంట్ల కూడ మా ఆయననే కొడ్తడు. ఆయన ఊర్ల లేకపోతె మాకు గుమ్మడికాయ కూరనే లేదు. జర నన్ను ముందే అడగకపోతివి."

ఆ మాట ముందే చెబితే ఏం పోయేదని ఎస్తేరుకు ఆమె మీద ఒళ్లు మండింది. అయితే మండాల్సింది ఎవరి మీదో ఆమెకు తెలుసు.

*

శనివారం వంట ఎస్తేరే చేసింది. పన్నెండో నంబరు కాయను కత్తిపీట ముందు పెట్టుకుని, అమ్మలాగే కాలితో తొక్కిపట్టి కోసింది. చింతపండు పులుసు, బెల్లం ముక్క, దించేముందు నువ్వులపొడి. రుచి చూసింది, బాగానే కుదిరింది. పిల్లలు తిన్నారు. పన్నెండున్నరకు తల్లులు వచ్చి చాపల మీద వరుసగా కూర్చున్నారు. అన్నం పెట్టించుకున్నారు, పప్పు పోయించుకున్నారు, గుడ్డు తీసుకున్నారు. పులుసు గంటె దగ్గరికొచ్చేసరికి ఒకామె పళ్లెం మీద చేయి అడ్డం పెట్టింది. పక్కామె కడుపు నిండిందంది. మూడో ఆమె ఊరికే తల అడ్డంగా ఊపింది. ఎస్తేరు గంటె పట్టుకుని పదకొండు మంది ముందూ వంగి లేచింది. గంటె నిండినట్టే ఉంది.

ఎవరూ కసురుకోలేదు. సమ్మమ్మ ఏదని అడగనూ లేదు. అందరికీ తెలుసు.

చేయి కడుక్కుని పోతున్న వినోదను ఎస్తేరు ఆపింది. "మొన్నటిదాక తిన్నరు గద వినోదా. నేను చెప్పిన ముచ్చట మర్చిపోయిన్రా?"

వినోద ఒక చేయి నడుముకు ఆనించి, కాస్త ఇబ్బందిగా నిలబడింది. "నీ ముచ్చట విని తినలేదక్కా. ఏమనుకోకు. చంద్రమౌళి తాతతోని కొట్టిచ్చి తెస్తానని సమ్మవ్వ ఇంటింటికి వచ్చి మా అత్తలకు చెప్పింది. మొగోడు కొట్టిన కాయ ఐతె కడుపుల పిల్లకు ఏం కాదు, నాది పూచీ అన్నది. అందుకే మా అత్త తిననిచ్చింది. గిది నువ్వు కొట్టినవాయె."

"మరి మొన్న మీరిద్దరు గుసగుస పెట్టుకున్నదేంది?"

"కొంచెం పులుసు ఎక్కువ పెట్టు సమ్మవ్వా అని అడిగిన." వినోద నవ్వబోయి మానుకుంది. "సిగ్గయి."

ఆమె పోయాక ఎస్తేరు పులుసు గంజు ముందు కూర్చుంది. గ్రూపులో మేడం మెచ్చుకున్న ఫొటో, పదకొండు ఖాళీ పళ్లేలు, ఒక్కటీ తనది కాదు. దసరా నుంచి తన మాటకు ఊరు మారిందని మురిసిపోతుంటే, మోకాళ్ల నొప్పులతో ఇంటింటికీ తిరిగి పూచీ పడ్డది ఇంకొకరు. ఆ ఇంకొకరినే తను కాటా పెట్టి తూచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

సోమవారం సెలవు పెట్టి హనుమకొండ ఆఫీసుకు పోయింది. ఆయా సమ్మమ్మ సరుకు బయటికి తీసుకుపోయింది తన ఎరుకతోనేనని, ఫిర్యాదు తన తొందరపాటని రాసి యమున మేడం బల్ల మీద పెట్టింది. మేడం చదివి కళ్లద్దాల మీదుగా చూసింది.

"ఆమె మీదిది పోతది గని, నీ ఎరుకతోని అంటే మెమో నీకు వస్తది."

"రానియ్యుండ్రి మేడం."

మంగళవారం పొద్దున సమ్మమ్మ ఇంటికి పోయింది. సమ్మమ్మ పొయ్యి ముందు కూర్చుని, నిప్పుల మీద దోర సీతాఫలాలు కాలుస్తోంది. పొట్టు నల్లబడి పగులుతుంటే పుల్లతో తిప్పుతోంది. ఎస్తేరును చూసి లేచి, లోపలినుంచి కుర్చీ తెచ్చి వేసింది. ఇదివరకు వస్తే పక్కన పీట చూపించేది.

ఎస్తేరు కుర్చీలో కూర్చోలేక, నిలబడే చెప్పింది. కాగితం వాపసు తీసుకున్నానని, రేపటినుంచి రమ్మని, ఇకనుంచి చంద్రమౌళి తాతనే సెంటరుకు పిలిచి వరండాలో కొట్టిద్దామని. "నేను తప్పు చేసిన ఆయమ్మా. నన్ను నాలుగు తిట్టు."

సమ్మమ్మ తిట్టలేదు. ఒక పండు ఎంచి, బూడిద దులిపి, రెండుగా విప్పి ఆకులో పెట్టి అందించింది. "తినుండ్రి మేడం. వేడివేడిగ బాగుంటది."

నాలుగు నెలలుగా బిడ్డా అన్న నోరు అది. ఎస్తేరు పండు తిన్నది. తీపో వగరో తెలియలేదు.

బుధవారం సమ్మమ్మ వచ్చింది. చంద్రమౌళి బాడిసె చేతపట్టుకుని, ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చి, వరండాలో అందరి ముందూ కాయ కొట్టి, తన ముక్క తను తీసుకుని పోయాడు. మధ్యాహ్నం పదకొండు మంది తల్లులూ పులుసు రెండోసారి పోయించుకున్నారు. వినోద మూడోసారి. అంతా మునుపటిలాగే ఉందనుకుని ఎస్తేరు తేలికగా ఊపిరి పీల్చుకుంది.

మూడున్నరకు సమ్మమ్మ గిన్నెలు కడిగి బోర్లించి, పొయ్యి తుడిచి, వంటగదికి తాళం వేసింది. తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టింది. పోలేదు. చేతిలోని టిఫిన్ డబ్బా మూత తీసి, డబ్బాను ఎస్తేరు వైపు వంచి పట్టుకుంది. రెండో చేత్తో కొంగు విప్పి ఒకసారి దులిపింది.

"ఏంది ఆయమ్మా ఇది?"

"చూసుకోండ్రి మేడం."

"నాకు నీ మీద ఏం లేదు. ఒట్టు. నువ్వు పో."

"మీకు లేదు, సరే. రేపు మల్ల ఎప్పుడన్న మనసుల పడ్తది. చూసుకుంటె మీకూ మంచిది, నాకూ మంచిది."

గొంతులో కోపం లేదు. వెటకారం కూడా లేదు. అన్నం ఉడికిందో లేదో చూడమన్నట్టుగానే అంది. ఎస్తేరు తల పక్కకు తిప్పుకుంది. చాపలు సర్దింది, ఫోన్ తీసింది, పెట్టింది. తిరిగి చూస్తే సమ్మమ్మ అక్కడే ఉంది. మోకాలు నొప్పికి ఒక కాలి మీద బరువు వేసి, డబ్బా అలాగే పట్టుకుని ఉంది. చూసేదాకా కదలదని ఎస్తేరుకు అర్థమైంది.

ఆమె వంగి, ఖాళీ డబ్బాలోకి చూసింది.

"పోయొస్త మేడం" అని సమ్మమ్మ మూత పెట్టుకుంది.